టైరు పేలడం కారణం కాదు, ఫలితం

వేసవి ముదిరిందంటే ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లా పేజీల్లో ఒక వార్త తరచుగా కనిపిస్తుంది. జాతీయ రహదారి మీద టైరు పేలింది, కారు అదుపు తప్పింది, డివైడర్ ఎక్కి బోల్తా కొట్టింది. వార్త అక్కడితో ఆగిపోతుంది. చాలాసార్లు దర్యాప్తు కూడా అక్కడే ఆగిపోతుంది. టైరు పేలడాన్ని పిడుగు పడటంతో సమానంగా చూడటం మనకు అలవాటైపోయింది. కానీ టైరు ఊరికే పేలదు. పేలడానికి ముందే దాని పక్కగోడలో, అంటే సైడ్‌వాల్‌లో, ఏదో ఒకటి జరిగి ఉంటుంది. దెబ్బకి లోపలి దారాలు తెగి ఉంటాయి. లేదా గాలి తగ్గి గోడ వేడెక్కి ఉంటుంది. లేదా రబ్బరు ముసలిదై ఉంటుంది. లేదా ఫ్యాక్టరీలోనే పొరలు సరిగా అతుక్కోకపోయి ఉంటాయి. ఈ నాలుగింటిలో ఏది జరిగిందో తేల్చకపోతే తప్పు ఎవరిదో తేలదు. అది తేలనంత కాలం నష్టమంతా బండి నడిపినవాడి నెత్తినే పడుతుంది.

ఈ నాలుగు కారణాలనూ పక్కపక్కన పెట్టి చూడటానికి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రాంతం తగిన చోటు. కలపర్రు టోల్‌గేటు నుంచి ఉంగుటూరు టోల్‌గేటు దాటి తణుకు వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ ఉంది. పామర్రు నుంచి గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా పాలకొల్లు వెళ్లే 165వ నంబరు రహదారి కొల్లేటికి దక్షిణంగా పోతుంది. వీటి మధ్య చేపల చెరువుల గట్ల మీద నడిచే ఊరి రోడ్లు, పుంతలు ఉన్నాయి. ఉత్తరాన ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ప్రాంతపు గ్రావెల్ దారులు ఉన్నాయి. ఒకే కారు ఒకే రోజు ఈ రోడ్లన్నీ తొక్కి రావడం ఇక్కడ మామూలు.

పక్కగోడలో ఏముంది?

కారు బరువు మోసేది రబ్బరు కాదు, టైరులో ఒత్తిడితో ఉన్న గాలి. ఆ గాలిని పట్టి ఉంచడమే టైరు పని. ఇప్పటి కార్ల రేడియల్ టైరులో నేలను తాకే ట్రెడ్ కింద ఉక్కు బెల్టులు ఉంటాయి. పక్కగోడకి ఆ రక్షణ లేదు. ఒక బీడు (రిమ్మును పట్టుకునే టైరు అంచు) నుంచి రెండో బీడు దాకా అడ్డంగా సాగే పాలిస్టర్ దారాల పొర ఒకటో రెండో ఉంటాయి. వాటి మీద పలుచని రబ్బరు, లోపలి వైపు గాలి జారిపోకుండా ఒక లైనరు ఉంటాయి. మొత్తం ఇంతే.

అంబాసిడర్, ఫియట్ల కాలంలో నడిచినవి నైలాన్ టైర్లు. వాటిలో పొరలు ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పడి, అదే మందంతో పక్కగోడ దాకా వచ్చేవి. ట్రెడ్ తొందరగా అరిగేది, కారు పెట్రోలు ఎక్కువ తాగేది, కానీ గోతి దెబ్బకి గోడ తట్టుకునేది. మిషెలిన్ కంపెనీ ఫ్రాన్సులో 1946లో రేడియల్ టైరుకి పేటెంటు తీసుకుంది. మన దేశంలో కార్లకి రేడియల్ టైర్లను జేకే టైర్ 1977లో తెచ్చింది. వీటితో మైలేజీ పెరిగింది, పట్టు పెరిగింది, టైరు ఆయుష్షు పెరిగింది. కానీ పక్కగోడ మాత్రం మెత్తబడింది, పలుచబడింది. పాత టైర్లు ఇలా ఉబ్బేవి కావని పెద్దవాళ్లు అనే మాటలో నిజం ఉంది. అయితే అందుకు నాణ్యత పడిపోవడం కంటే నిర్మాణం మారడమే పెద్ద కారణం.

దీనికి తోడు గోడ ఎత్తు కూడా తగ్గుతూ వస్తోంది. 165/80 ఆర్14 టైరులో పక్కగోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. అదే తరహా కారు ఖరీదైన వేరియంటులో వచ్చే 195/55 ఆర్16 టైరులో అది 107 మిల్లీమీటర్లే. పెద్ద అల్లాయ్ వీల్ చూడటానికి అందంగా ఉంటుంది, మలుపుల్లో కారు నిలకడగా ఉంటుంది. కానీ గోతిలో పడినప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య దెబ్బను మింగే జాగా అంగుళం తగ్గిపోతుంది. షోరూములో వేరియంటు ఎంచుకునేటప్పుడు ఈ సంగతి చెప్పేవాళ్లు అరుదు. ఊరి రోడ్ల మీద ఎక్కువగా తిరిగే కుటుంబానికి చిన్న రిమ్ము, ఎత్తైన గోడ ఉన్న టైరే మేలు.

రోడ్డు అంచు కొట్టే దెబ్బ

కొల్లేటి సీమలో టైర్ల పక్కగోడకి పెద్ద శత్రువు రోడ్డు అంచు. ఇక్కడి నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. చాలా చోట్ల రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. ఏడాది పొడవునా నీరు ఊరుతుంది, రోడ్డు పక్క బెర్ము మట్టి జారిపోతుంది, తారు అంచు పెళ్లలుగా విరిగిపోతుంది. దాని మీద చేపలు, ఐసు నింపుకుని కోల్‌కతా వైపు, ఈశాన్య రాష్ట్రాల వైపు వెళ్లే లారీల బరువు పడుతుంది. దాళ్వా, సార్వా నాట్ల కాలంలో దమ్ము ట్రాక్టర్లు ఇనుప చక్రాలతోనే తారు మీదకి ఎక్కేస్తాయి. చివరికి కొన్నిచోట్ల తారుకీ పక్క మట్టికీ మధ్య జానెడు దిగుడు మిగులుతుంది.

ఎదురుగా లారీ వస్తే కారు ఎడమకి జరగాలి. ఎడమ చక్రాలు బెర్ము మీదకి దిగుతాయి. లారీ దాటగానే డ్రైవరు స్టీరింగు తిప్పి మళ్లీ తారెక్కుతాడు. ఆ క్షణంలో విరిగిన తారు అంచుకీ రిమ్ము అంచుకీ మధ్య పక్కగోడ నలుగుతుంది. రబ్బరుకి సాగే గుణం ఉంది కాబట్టి బయటికి గీత కూడా కనిపించకపోవచ్చు. కానీ లోపల నాలుగైదు దారాలు పుటుక్కున తెగుతాయి. గోతి అంచు, కల్వర్టు దగ్గర కుంగిన రోడ్డు, రంగు వేయని స్పీడు బ్రేకరు చేసేదీ ఇదే పని.

దారాలు తెగిన చోట గోడకి ఆధారం ఉండదు. లోపలి ఒత్తిడి రబ్బరును బయటికి తోస్తుంది, నిమ్మకాయంత బుడిపె లేస్తుంది. అది దెబ్బ తగిలిన రోజే లేవాలని లేదు. కొన్ని వారాల తరువాత కూడా బయటపడుతుంది. అందుకే దెబ్బ గుర్తుండదు, మొన్ననే కొన్న టైరు దానంతట అదే ఉబ్బిందని అనిపిస్తుంది. ఆ మాట అనే డ్రైవరు అబద్ధం చెప్పడం లేదు, కారణాన్ని చూడలేదంతే.

ఇలా ఉబ్బిన టైరుకి మరమ్మతు లేదు. ట్రెడ్‌లో మేకు దిగితే లోపలి నుంచి ప్యాచ్ వేసుకోవచ్చు. పక్కగోడ ప్రతి చుట్టులోనూ వంగుతూ ఉంటుంది, అక్కడ ప్యాచ్ నిలవదు. తెగిన దారాన్ని ఏ పంక్చరు షాపూ అతకలేదు. ట్యూబు టైర్ల రోజుల్లో లోపల గేటరు పట్టీ వేసి నెట్టుకొచ్చిన పద్ధతి ట్యూబ్‌లెస్ రేడియల్‌కి పనికిరాదు. చట్టం కూడా ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 94వ నిబంధన ప్రకారం ఒకచోట ఆకారం మారి ఉబ్బిన టైరు, లోపలి దారాలు బయటపడిన టైరు రోడ్డు మీద తిరగడానికి తగినవి కావు. కార్లకి ట్రెడ్ లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలని కూడా ఆ నిబంధనలే చెబుతాయి. తనిఖీల్లో హెల్మెట్టు, లైసెన్సు, బీమా అడుగుతారు. వంగి టైరు పక్కగోడ చూసేవారు ఎక్కడో గాని కనిపించరు.

ఒక తేడా మాత్రం ప్రతి కారు యజమానీ తెలుసుకోవాలి. పక్కగోడ మీద బయటికి పొంగితే ప్రమాదం. లోపలికి చిన్న నొక్కులా, నిలువు గాడిలా కనిపిస్తే అది చాలావరకు దారాల పొర రెండు కొసలు కలిసిన అతుకు గుర్తు. అక్కడ దారాలు రెట్టింపు ఉంటాయి కాబట్టి గోడ కొంచెం తక్కువ ఉబ్బుతుంది. అది లోపం కాదు. దాన్ని చూసి భయపడి మంచి టైరు తీసేసినవాళ్లూ ఉన్నారు, అసలు బుడిపెను చూసి ఏం కాదులే అని పండగ ప్రయాణానికి బయల్దేరినవాళ్లూ ఉన్నారు.

గాలి, ఎండ, బరువు

పేలుళ్లకి ఇంకో పెద్ద కారణం గాలి తగ్గడం. 185/65 ఆర్15 టైరు చుట్టుకొలత రెండు మీటర్లకి కాస్త తక్కువ. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా దాదాపు 50 కిలోమీటర్లు వెళ్లేసరికి ఆ టైరు 25 వేల సార్లకు పైగా తిరుగుతుంది. ప్రతి చుట్టులోనూ పక్కగోడ ఒకసారి వంగి లేస్తుంది. గాలి సరిగా ఉంటే ఆ వంపు చిన్నది. తగ్గితే వంపు పెద్దదవుతుంది, వంగిన కొద్దీ వేడి పుడుతుంది, వేడికి రబ్బరుకీ దారాలకీ మధ్య పట్టు సడలుతుంది. ఇలా చెడిన టైరును విప్పి చూస్తే గోడ లోపల చుట్టూ ఒరుసుకున్న వలయం, నల్లటి రబ్బరు పొడి కనిపిస్తాయి.

మే నెలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండకి గాలి పెరిగి టైరు పేలుతుందన్న భయంతో కొందరు వేసవిలో గాలి తగ్గించి కొట్టిస్తారు. ఇది ప్రాణాంతకమైన పొరపాటు. పది డిగ్రీలు పెరిగితే టైరులో ఒత్తిడి ఇంచుమించు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. ఆ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే టైరు తయారుచేస్తారు. గాలి తీసేస్తే ఒత్తిడి తగ్గుతుంది గాని వంపు పెరిగి వేడి ఇంకా పెరుగుతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరు మీద ఉన్న అంకె ప్రకారం గాలి కొట్టించడమే సరైన పద్ధతి. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఎంత ఉండాలో కూడా చాలా కార్ల స్టిక్కరు మీద విడిగా రాసి ఉంటుంది. టైరు గోడ మీద ఉన్న గరిష్ఠ ఒత్తిడి అంకెను చూసి గాలి పట్టించకూడదు. నైట్రోజన్ పట్టిస్తే మంచిదా అని అడిగేవారు చాలామంది. దానితో ఒత్తిడి కాస్త నిలకడగా ఉంటుంది. అయితే మామూలు గాలిలోనూ నాలుగింట మూడు వంతులకు పైగా ఉన్నది నైట్రోజనే. ఏ గాలి అన్నదానికంటే నెలకి రెండుసార్లు కొలిపించారా అన్నదే ముఖ్యం.

సంక్రాంతి నాటి ప్రయాణాల్లో ఈ కారణాలన్నీ ఒకచోట చేరతాయి. హైదరాబాదు నుంచి వచ్చే కారులో ఐదుగురు మనుషులు, వెనక నిండా సామాను ఉంటుంది. గాలి ఎప్పుడో కొట్టించింది. విజయవాడ దాటాక రోడ్డు ఖాళీ దొరికితే వేగం వంద దాటుతుంది. అప్పటికే ఏదో గోతిలో చిన్న దెబ్బ తిన్న గోడ ఉంటే, తెగిపోవడానికి దానికి ఇంతకంటే అనువైన సమయం ఉండదు.

కొల్లేరు పొంగినప్పుడు ఇంకో సమస్య వస్తుంది. ఏలూరు–కైకలూరు రోడ్డు ఎడ్లగాడి దగ్గర మునగడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. నీళ్లలో నుంచి వెళ్లే కారుకి గోతి కనిపించదు, విరిగిన అంచు కనిపించదు. మాటిమాటికీ తడిసిన ఇనుప రిమ్ము బీడు కూర్చునే చోట తుప్పు పట్టి, గాలి సన్నగా జారిపోవడం మొదలవుతుంది. వాన తగ్గాక రెండు వారాలకి టైరు మెత్తబడితే పంక్చరు అనుకుంటాం. మేకు దొరకకపోతే రిమ్ము అంచు చూపించుకోవాలి.

అరగని టైరు కూడా ముసలిదవుతుంది

ఈ జిల్లాల్లో పిల్లలు విదేశాల్లోనో హైదరాబాదులోనో ఉండి, తల్లిదండ్రులు ఊళ్లో ఉన్న ఇళ్లు ఎన్నో. షెడ్డులో కారు నెలకి నాలుగుసార్లు ద్వారకా తిరుమలకో ఆసుపత్రికో కదులుతుంది. ఏడేళ్లయినా ట్రెడ్ కొత్తగా కనిపిస్తుంది. కానీ గాలిలోని ఓజోన్, ఎండ, వేడి రబ్బరును గట్టిపరుస్తాయి, పక్కగోడ మీద సన్నని పగుళ్లు వస్తాయి. ఒకే చోట నిలబడి ఉన్న టైరు మీద ఈ ప్రభావం ఇంకా ఎక్కువ.

టైరు పుట్టినరోజు దాని గోడ మీదే ఉంటుంది. 2321 అని నాలుగంకెలు ఉంటే 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఐదేళ్లు దాటాక ఏటా నిపుణుడి చేత చూపించుకోవాలని, ఎంత బాగున్నట్టు కనిపించినా పదేళ్లకి తీసేయాలని చాలా కంపెనీలు చెబుతాయి. మన ఎండల్లో ఆ పదేళ్ల దాకా ఆగకపోవడమే మంచిది. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. ఇక సెకండ్‌హ్యాండ్ టైరు కొనేవారికి తయారీ తేదీ కనిపిస్తుంది గాని, దాని గోడ ఏ గోతిలో నలిగిందో కనిపించదు. ఆదా అయ్యే డబ్బుకి ఆ ప్రమాదం తగదు.

కంపెనీ లోపమా, రోడ్డు దెబ్బా?

వివాదమంతా ఇక్కడే. కొన్న కొద్ది నెలలకే పక్కగోడ ఉబ్బింది. యజమాని డీలరు దగ్గరికి వెళ్తాడు. డీలరు కంపెనీ మనిషికి చూపిస్తాడు. రోడ్డు దెబ్బ అన్న ఒక్క మాటతో క్లెయిము తిరస్కరిస్తారు. తయారీ లోపానికి కంపెనీలు వారంటీ ఇస్తాయి. రోడ్డు దెబ్బకి చాలా వారంటీలు వర్తించవు. వర్తించినప్పుడు కూడా అరిగిన ట్రెడ్ మేరకు కోత ఉంటుంది.

నిజానికి చాలా బుడిపెలకి దెబ్బే కారణం. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తయారీ లోపాలు ఉండవని కాదు. పొరల మధ్య గాలి చిక్కుకోవడం, అతుకు విడిపోవడం, ఉక్కు బెల్టుల అంచులు రబ్బరు నుంచి విడివడటం, బీడు దగ్గర లోపం వంటివన్నీ టైరు పరిశ్రమకి తెలిసినవే. వీటి గుర్తులు వేరుగా ఉంటాయి. దెబ్బ అయితే లోపలి లైనరు మీద చీలిక గీతో, నలిగిన జంట మచ్చలో ఉంటాయి, ఎదురుగా రిమ్ము మీద సొట్ట ఉండవచ్చు. గాలి తక్కువై నడిచినదైతే గోడ చుట్టూ వలయం ఉంటుంది. ఈ రెండూ లేకుండా పొర విడిపోతే, లేదా ఒకేసారి కొన్న ఒకే వారపు టైర్లలో రెండింటికి ఒకే చోట ఒకే రకం విడివడటం కనిపిస్తే తయారీని అనుమానించాలి. అంటే టైరు విప్పి లోపల చూడకుండా తీర్పు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. బయటి నుంచి చూసి నోటిమాటతో తిరస్కరించడం అన్యాయం. పరీక్ష చేసేది కంపెనీయే, తీర్పు చెప్పేదీ కంపెనీయే అయినప్పుడు ఫొటోలతో, కారణాలతో లిఖితపూర్వక నివేదిక ఇవ్వడం కనీస ధర్మం.

ఈ పట్టింపు ఎందుకో అమెరికా అనుభవం చెబుతుంది. 2000 ఆగస్టు 9న ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ కార్లలో ట్రెడ్ ఊడిపోయి జరిగిన ప్రమాదాలతో 271 మరణాలకు సంబంధం ఉందని అక్కడి రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. వేడి ఎక్కువగా ఉండే దక్షిణ రాష్ట్రాల్లోనే ఇవి ఎక్కువగా జరిగాయి. ఒక బీమా కంపెనీ పరిశోధకుడు తన దగ్గరికి వచ్చిన క్లెయిములు కలిపి చూసి 1998లోనే హెచ్చరించాడు. టైరు కంపెనీ కారు బరువునీ తక్కువ గాలి సిఫార్సునీ తప్పుపట్టింది, కారు కంపెనీ టైరును తప్పుపట్టింది. ఎవరి వాటా ఎంతైనా, విడివిడిగా డ్రైవరు పొరపాట్లుగా కనిపించిన ప్రమాదాలు ఒకచోట చేర్చి చూసినప్పుడే లోపంగా బయటపడ్డాయి. 2000 నవంబరులో వచ్చిన చట్టం కంపెనీలు తమకు అందిన ఫిర్యాదులను ప్రభుత్వానికి ఇవ్వాలని ఆదేశించింది. గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్ పరికరం అక్కడి కొత్త కార్లన్నింటిలో తప్పనిసరి కావడానికీ ఆ చట్టమే మూలం.

మన చట్టం ఎక్కడుంది?

మన దేశంలో టైర్లకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2009లో ఉత్తర్వు వచ్చింది. కారు టైర్లకి ఐఎస్ 15633 ప్రమాణం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 110ఏ సెక్షను లోపమున్న వాహనాలను వెనక్కి పిలిపించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. రోడ్డు నిర్మాణంలో, నిర్వహణలో నిర్లక్ష్యం వల్ల మరణం జరిగితే బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా వేయడానికి 198ఏ సెక్షను ఉంది. ప్రమాదకరమైన వస్తువులను మార్కెట్టు నుంచి వెనక్కి తీయించే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడిన కేంద్ర ప్రాధికార సంస్థకి ఉంది. చట్టాలకి కొరత లేదు. ఆ చట్టాలను కదిలించే సాక్ష్యానికే కొరత.

2023లో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ చర్చలో కీలకం. 2010లో జరిగిన ఒక ప్రమాదంలో టైరు పేలడం దైవ ఘటన అని బీమా కంపెనీ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. ఎక్కువ వేగం, తక్కువ గాలి, ఎక్కువ గాలి, సెకండ్‌హ్యాండ్ టైరు, ఉష్ణోగ్రత వంటి కారణాలు ఉంటాయని, బయల్దేరే ముందు టైరు పరిస్థితి చూసుకోవాల్సిన బాధ్యత ఉందని చెప్పి పరిహారాన్ని సమర్థించింది. బాధిత కుటుంబానికి అది న్యాయమైన తీర్పు. అదే సూత్రాన్ని పూర్తిగా పాటించాలి. టైరు పేలడం దేవుడి పని కానప్పుడు అది మనుషుల పని. ఆ మనుషుల్లో డ్రైవరు ఒక్కడే లేడు. రోడ్డు అంచు పూడ్చని శాఖ, టోలు తీసుకుని గోతులు వదిలేసే కాంట్రాక్టరు, పొర సరిగా అతకని ఫ్యాక్టరీ, ఉబ్బిన టైరును మళ్లీ అమ్మే దుకాణం కూడా ఆ లెక్కలోకి వస్తాయి.

చేయాల్సిన పని

ఎవరి వాటా ఎంతో తేలడానికి కారు యజమాని చేయగల మొదటి పని పేలిన టైరును పారేయకపోవడం. ప్రమాదం జరగగానే టైరును పాత ఇనుప సామాను వాడికో పంక్చరు షాపుకో వదిలేస్తాం. దానితో సాక్ష్యం కూడా పోతుంది. టైరునీ రిమ్మునీ దాచాలి. తయారీ తేదీ, బుడిపె, లోపలి లైనరు, రిమ్ము సొట్ట, రోడ్డు మీద దెబ్బ తగిలిన చోటు ఫొటోలు తీయాలి. బిల్లు దాచాలి. తిరస్కరణను కాగితం మీద అడగాలి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయవచ్చు, తరువాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లవచ్చు. రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ధర ఐదు లక్షల లోపయితే ఫీజు లేదు. టైరు కొన్న ఊళ్లోనే కాక, మనం ఉండే ఊరి కమిషన్‌లోనూ దాఖలు చేయవచ్చు. లోపం తేల్చడానికి పరీక్ష అవసరమైతే టైరును సీలు చేసి ప్రయోగశాలకి పంపమని కమిషన్‌ను కోరే హక్కు ఫిర్యాదుదారుకి ఉంది. బీమా మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకూడదు. టైరు ఒక్కటే పాడైతే మామూలు పాలసీ డబ్బు ఇవ్వదు, కారు కూడా దెబ్బతింటే టైరు ధరలో సగం ఇస్తుంది.

రెండో పని సంస్థలది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ, ఎన్ఐటీ, ఉంది. అక్కడ మెకానికల్, మెటలర్జీ విభాగాలు ఉన్నాయి. రవాణా శాఖ, పోలీసులు, వినియోగదారుల కమిషన్ పంపే చెడిన టైర్లను విప్పి, నాలుగు కారణాల్లో ఏదో తేల్చి, సంవత్సరానికి ఒకసారి లెక్క ప్రకటించే చిన్న కేంద్రం అక్కడ పెట్టడం అసాధ్యమేమీ కాదు. కొల్లేటి రోడ్లు ఎన్ని టైర్లను మింగుతున్నాయో, గాలి నిర్లక్ష్యం ఎన్నింటిని చంపుతోందో, ఏ బ్యాచ్‌లో తయారీ లోపముందో అప్పుడు అంకెల్లో కనిపిస్తుంది. ఆ అంకె ముందు పంచాయతీరాజ్ శాఖ గాని, కంపెనీ గాని, డ్రైవరు గాని తప్పించుకోలేరు.

అప్పటిదాకా నెలకి రెండుసార్లు గాలి కొలిపించండి. బయల్దేరే ముందు నాలుగు టైర్ల పక్కగోడలనూ, వీలైతే లోపలి వైపునూ చేత్తో తడిమి చూడండి. బుడిపె తగిలితే ఆ కారుతో హైవే ఎక్కకండి. దారిలో టైరు పేలితే బ్రేకు గట్టిగా తొక్కకండి. స్టీరింగు నేరుగా బిగించి పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలి, వేగం తగ్గాక ఎడమకి తీసుకోండి. క్షేమంగా దిగాక ఆ టైరును ఎవరికీ ఇవ్వకండి, ఇంటికి తెచ్చి దాచండి.